చెక్‌ట్రే ఎత్తి చూద్దాం

తెల్లవారుజామున మా కలిదిండి చెరువు గట్ల మీదికి వస్తే ముందు వినిపించేది కోడి కూత కాదండి. ఏరియేటర్ల చప్పుడు. నీళ్ళని చిలుకుతూ, నురగలు కక్కుతూ తిరుగుతుంటాయి. ఆ చప్పుడులోనే ఒక మనిషి గట్టు మీంచి చెక్క బల్ల మీదికి నడిచి వెళ్తాడు. తాడు పట్టుకుని నీళ్ళలోంచి ఒక పళ్ళెం లాంటిదాన్ని పైకి లాగుతాడు. చట్రానికి వల గుడ్డ బిగించి ఉంటుంది. దాన్ని మేం చెక్‌ట్రే అంటాం.

రొయ్యల సాగు చేసేవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. వనామీ రొయ్య నీళ్ళ అడుగున తిరుగుతుంది. గట్టు మీంచి చూస్తే కనపడదు. మేత మాత్రం బస్తాల లెక్కన చల్లుతూనే ఉంటాం. తిన్నదా, తినలేదా? ఎలా తెలుస్తుంది? అందుకని ట్రేలో గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దింపుతారు. గంటన్నరో, రెండు గంటలో ఆగుతారు. అప్పుడు పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే తగ్గించాలి. మిగలకపోతే పెంచొచ్చు. ట్రేలో నాలుగు రొయ్యలు ఎగురుతుంటే ఒకదాన్ని పట్టుకుని వెలుగుకి ఎత్తి చూస్తారు. పేగు నిండుగా ఉందా, తెగి తెగి ఉందా అని. రొయ్య నోరు విప్పి చెప్పలేదు కాబట్టి ఆ ట్రేయే దాని మాట.

ఇవాళ నేను మాట్లాడదామని వచ్చింది సినిమాల గురించి. రొయ్యల గురించి కాదు. అయినా ఆ చెక్‌ట్రేని కాసేపు మనసులో ఉంచుకోండి. దానితో నాకు పనుంది.

సినిమా అంటే పాటలూ ఫైట్లూ ఉన్న సినిమా కాదు. డాక్యుమెంటరీ. ఈ మాట వినగానే నా ఈడువాళ్ళకి ఒకటి గుర్తొస్తుంది. హాల్లో అసలు సినిమా మొదలయ్యే ముందు నలుపు తెలుపుల్లో ఒక రీలు వేసేవాళ్ళు. ఆనకట్టలు, ఫ్యాక్టరీలు, వరదలు, మంత్రిగారు రిబ్బను కత్తిరించడం. గంభీరమైన గొంతు ఒకటి వెనక నుంచి చెబుతూ ఉండేది. ప్రభుత్వం 1948లో పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన సినిమాలవి. హాళ్ళవాళ్ళు వాటిని వేసి తీరాలి. మనం మాత్రం ఆ టైముకి బయట సోడా తాగుతూ ఉండేవాళ్ళం. 'ఇంకా డాక్యుమెంటరీయే నడుస్తోందిరా, తొందరేం లేదు' అనుకుని ఇంకో బీడీ ముట్టించేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

నిజం చెప్పాలంటే వాటిలో మంచివి కూడా ఉన్నాయి. మనం సోడా దగ్గర ఉండి చూడలేదు, అంతే. కానీ చాలా వాటితో ఒక చిక్కు ఉంది. తెర మీద రైతు కనిపిస్తాడు, మాట్లాడడు. కూలి మనిషి కనిపిస్తుంది, మాట్లాడదు. వాళ్ళ తరఫున ఆ గంభీరమైన గొంతే అన్నీ చెప్పేస్తుంది. మేత చల్లడమే తప్ప ట్రే ఎత్తి చూడటం లేదన్నమాట.

ఆ గొంతుని పక్కన పెట్టి, కనిపించే మనిషినే మాట్లాడనిద్దాం అని బయలుదేరినవాళ్ళలో మన తెలుగు నేల మీద పుట్టిన ఒకామె ఉన్నారు. పేరు దీపా ధన్‌రాజ్. 1953లో హైదరాబాద్‌లో పుట్టారు. ఇప్పుడు ఉండేది బెంగళూరులో. నలభై ఏళ్ళకి పైగా డాక్యుమెంటరీలు తీస్తూ వచ్చారు. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. ఆమె సినిమాలు మన ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో హాళ్ళలో ఆడలేదు మరి. టిక్కెట్లు తెగలేదు, వంద రోజుల పోస్టరు పడలేదు.

1980లో దీపా, మరికొందరు స్నేహితులు కలిసి యుగాంతర్ అని ఒక బృందం పెట్టారు. ఆడవాళ్ళ సినిమా బృందాల్లో మన దేశంలో తొలి తరానిది అది. నవరోజ్ కాంట్రాక్టర్ అనే ఛాయాగ్రాహకుడు వాళ్ళతో ఉన్నారు. మణి కౌల్ తీసిన 'దువిధా'కి కెమెరా పట్టింది ఆయనే. దీపాకి జీవిత సహచరుడు కూడా ఆయనే. 2023 జూన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయే దాకా ఆమె సినిమాలు ఎన్నింటికో ఆయన కన్నే కన్ను.

యుగాంతర్ మూడేళ్ళలో నాలుగు చిన్న సినిమాలు తీసింది. మొదటిది 1981లో, 'మోల్‌కరీణ్'. మరాఠీలో పనిమనిషి అని. పుణెలో ఇళ్ళలో అంట్లు తోమే ఆడవాళ్ళు 1980లో సమ్మె చేశారు. ఒక్క రోజు పనిమనిషి రాకపోతే మన ఇంట్లో ఎంత గొడవో మీకు తెలుసు కదా. ఊళ్ళో పనిమనుషులందరూ ఒకేసారి రాకపోతే? ఆ సమ్మె చేసినవాళ్ళతోనే కూర్చుని తీసిన సినిమా అది.

రెండోది నన్ను ఎక్కువ పట్టుకుంది. అందుకని కాసేపు దాని దగ్గర ఆగుతాను.

కర్ణాటకలో నిప్పాణి అనే ఊరుంది, మహారాష్ట్ర సరిహద్దులో. బీడీ పొగాకుకి పేరుమోసిన ఊరు. పొగాకు కొట్టే ఫ్యాక్టరీల్లో పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పొగాకు పని ఎలా ఉంటుందో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు శ్రోతలకి చెప్పనక్కర్లేదు. గ్రేడింగు చేసిన చేతులతో అన్నం కలిపితే ముద్ద చేదు. సబ్బుతో కడిగినా పోదు. నిప్పాణిలో అది ఇంకో రకం, అక్కడ ఆకు దుమ్మయ్యే దాకా పని ఉంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆ దుమ్ములో పొద్దస్తమానం కూర్చునేవాళ్ళు వాళ్ళు.

ఈ బృందం అక్కడికి వెళ్ళింది. వెళ్ళిన రోజే కెమెరా తీశారా? లేదు. నాలుగు నెలలు ఆ ఆడవాళ్ళతో గడిపారు. మళ్ళీ చెబుతున్నాను, నాలుగు నెలలు. వింటూ, మాట్లాడుతూ. మీ కూలీ ఎంత, యూనియన్ ఎలా కట్టారు, యజమాని ఏమన్నాడు, ఇంట్లో మొగుడేమన్నాడు. ఏ రకం సినిమా తియ్యాలో ముందే రాసిపెట్టుకుని రాలేదు వాళ్ళు. ఆ తరవాత ఆ కార్మికుల వెంటే ఫ్యాక్టరీల్లోకి నడిచి, అంతకు ముందు ఎవరూ చూపించని పనిని చిత్రీకరించారు. 1982లో సినిమా బయటికి వచ్చింది.

ఆ రోజుల్లో కెమెరాలో వేసేది ఫిల్మ్ రీలు. పదహారు మిల్లీమీటర్ల ఫిల్మ్. నాలుగు వందల అడుగుల చుట్ట ఎక్కిస్తే పదకొండు నిమిషాలు తిరుగుతుంది. అంతే. చుట్ట అయిపోతే మళ్ళీ డబ్బు. కాబట్టి ఎక్కడ కెమెరా తిప్పాలో తిప్పక ముందే తెలిసి ఉండాలి. ఎలా తెలుస్తుంది? విని ఉంటే తెలుస్తుంది. మన దగ్గర చెరువు పట్టుబడికి వలవాళ్ళని పిలిచినప్పుడు చూడండి. వచ్చీ రాగానే వల దింపరు. పెద్దాయన గట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. లోతు ఎక్కడ, గుర్రపుడెక్క ఎక్కడ, చేప ఏ మూల తిరుగుతోంది అని చూస్తాడు. ఆ తరవాతే వల. ఇప్పుడు మన ఫోన్లలో గంటల కొద్దీ తీసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. అందుకే గట్టు చుట్టూ తిరగడం మానేశాం.

ఇక్కడ ఇవాల్టి అసలు మాట చెబుతాను. మూడే ముక్కలు. ముందు విను. తరవాత తియ్యి. తీసింది వాళ్ళకే ముందు చూపించు.

మూడో ముక్క ఉంది చూశారా, అదే చెక్‌ట్రే. యుగాంతర్ సినిమాలు పెద్ద హాళ్ళ కోసం తీసినవి కావు. ప్రొజెక్టరు పట్టుకుని బస్తీల్లో, కార్మికుల మధ్య, సంఘాల మీటింగుల్లో వేసేవాళ్ళు. ఒక ఊళ్ళో పనిమనుషుల కథని ఇంకో ఊళ్ళో పనిమనుషులు చూసేవాళ్ళు. సినిమా ఇరవై అయిదు నిమిషాలు. ఆ తరవాత మాటలు మాత్రం ఎంతసేపైనా సాగేవి. చూసేవాళ్ళ మొహాల్లోనే తెలిసిపోతుంది కదా, మేత ముట్టిందో లేదో.

మూడో సినిమా తెలుగుది. పేరు వింటేనే తెలుగని తెలుస్తుంది. 'ఇది కథ మాత్రమేనా?' 1983. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన అని ఆడవాళ్ళ సంఘం ఉండేది. కె. లలిత, రమా మేల్కోటే లాంటివాళ్ళు అందులో ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలు సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చింది ఈ సంఘమే. వాళ్ళతో కలిసి తీసిన సినిమా ఇది. విషయం, ఇంట్లో ఆడమనిషి మీద జరిగే హింస.

గమ్మత్తు ఏమిటంటే ఇది డాక్యుమెంటరీ కాదు. అందరూ కూర్చుని, తమకు తెలిసిన బతుకుల్ని కలబోసుకుని, అప్పటికప్పుడు అల్లుకుని నటించిన కథ. డాక్యుమెంటరీలు తీసేవాళ్ళు ఇక్కడ కథ ఎందుకు పట్టుకున్నారు? నాకు తోచింది చెబుతాను. కెమెరా ముందు కూర్చుని, 'మా ఆయన నన్ను కొడతాడు' అని మొహం చూపించి చెప్పిన ఆడమనిషి, ఆ రాత్రి ఏ ఇంటికి వెళ్ళి పడుకోవాలి? నిజం చెప్పించడం గొప్పే. చెప్పిన మనిషి మర్నాడు ఎలా బతుకుతుందో ఆలోచించడం ఇంకా గొప్ప. ఆ పేరు చివర ఉన్న ప్రశ్నార్థకం ఊరికే పెట్టింది కాదనిపిస్తుంది నాకు.

నాలుగోది 'సుదేశా'. హిమాలయాల కింద చెట్లని కావలించుకుని కాపాడుకున్న చిప్కో ఉద్యమంలోని ఒక పల్లె స్త్రీ గురించి. దాని గురించి ఇంతటితో ఆపుతాను, టైము తక్కువ.

1984 గుర్తుందా మీకు? ఆగస్టులో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని దింపేశారు. నెల తిరిగేసరికి ఆయన మళ్ళీ వచ్చారు. మన జిల్లాల్లో ఆ నెల రోజులూ బందులు, ఊరేగింపులు. అదే రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలో హిందూ ముస్లిం కలహాలు. కర్ఫ్యూ. మనకి పేపర్లో వచ్చింది రెండు ముక్కలు, ఇంతమంది చనిపోయారు, పరిస్థితి అదుపులో ఉంది. దీపా ధన్‌రాజ్ కెమెరా తీసుకుని ఆ వీధుల్లోకి వెళ్ళారు. 1986లో 'క్యా హువా ఇస్ షహర్ కో' వచ్చింది. ఈ ఊరికేమైంది అని అర్థం. గొడవ ఎలా రాజుకుంది, ఎవరు రాజేశారు, ఎవరి గుడిసె కాలింది, ఎవరి కూలి పోయింది. నాయకుల ఉపన్యాసాలూ అందులో ఉన్నాయి. చేతి కష్టం మీద బతికేవాళ్ళ మాటలూ ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఏమిటో మనకే తెలుస్తుంది.

ఫిల్మ్ అంటే ఊరగాయ లాంటిదండి. జాగ్రత్తగా జాడీలో పెట్టి మూత కట్టకపోతే బూజు పడుతుంది. రంగు పోతుంది. ఈ సినిమా కూడా ఏళ్ళు గడిచేసరికి మరుగున పడింది. చివరికి దాన్ని బాగుచేసి మళ్ళీ తెర మీదికి తెచ్చింది ఎవరో తెలుసా? జర్మనీలో, బెర్లిన్ నగరంలో ఉన్న ఆర్సెనల్ అనే సినిమా సంస్థ. 2013 నాటి మాట. యుగాంతర్ సినిమాలకి కూడా ఆ సంస్థే మళ్ళీ ప్రాణం పోసింది. చార్మినారు సందుల్లో తీసిన రీలు బెర్లిన్‌లో భద్రంగా ఉంది. సంతోషించాలో, సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

1991లో ఆమె 'సంథింగ్ లైక్ ఎ వార్' తీశారు. కుటుంబ నియంత్రణ గురించి. మన ఊళ్ళల్లో దాన్ని అలా అనం కదా, 'ఆపరేషన్' అంటాం. ఆపరేషన్ అయిందా అంటే ఏ ఆపరేషనో ఇంకా అడగక్కర్లేదు. టార్గెట్లు, క్యాంపులు, వరసగా బల్లల మీద ఆడవాళ్ళు, యంత్రంలా పని చేసే డాక్టరు. ఆ దృశ్యాలు చూడటం కష్టం. దానికి పక్కనే ఇంకో దృశ్యం ఉంటుంది. పల్లెటూరి ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, తమ ఒంటి గురించి తామే మాట్లాడుకుంటారు. నవ్వుకుంటారు కూడా. క్యాంపులో అదే ఒళ్ళు ఒక నంబరు. ఇక్కడ ఆ నంబరు నోరు విప్పింది. ఈ సినిమా బ్రిటన్‌లో ఛానల్ ఫోర్ అనే టీవీకి వెళ్ళింది.

టీవీ మాట వచ్చింది కాబట్టి డబ్బు గురించి ఒకటి చెప్పాలి. స్వతంత్రంగా సినిమా తీయడం అంటే ఏమిటి? కౌలు భూమి లాంటిది అనుకోకండి, అంతకన్నా కష్టం. కౌలుకి పంట చేతికొస్తే అమ్ముకోవచ్చు. డాక్యుమెంటరీకి కొనేవాడు ఎవడు? ఒక విదేశీ టీవీ కొంత ఇస్తుంది. ఒక సంస్థ కొంత ఇస్తుంది. ఒక సినిమాకీ ఇంకో సినిమాకీ మధ్య ఏళ్ళు గడుస్తాయి. జనంలో వెయ్యాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, దానికోసం కోర్టులదాకా వెళ్ళిన దర్శకులు ఉన్నారు. ఇన్ని ఉన్నా, వీళ్ళు ఎందుకు మానరు? ఈ ప్రశ్న నన్నడక్కండి. మా చిన్నాన్న మూడు పంటలు పోయాక కూడా నాలుగోసారి సీడ్ వదిలాడు. ఆయన్ని అడగండి.

2007లో ఆమె 'ది అడ్వొకేట్' తీశారు. పౌరహక్కుల లాయరు కె.జి. కన్నబిరాన్ గారి జీవితం. 2011లో 'ఇన్వోకింగ్ జస్టిస్'. తమిళనాడులో పుదుక్కోట్టై దగ్గర ముస్లిం ఆడవాళ్ళే కట్టుకున్న జమాత్ కథ. మగవాళ్ళ జమాత్‌లో తమ మాట వినేవాళ్ళు లేరని, తమకంటూ ఒక పంచాయతీ పెట్టుకున్నారు వాళ్ళు. 2018లో 'వియ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై'. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ 2016 జనవరి 17న ప్రాణాలు తీసుకున్న గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల, ఆ తరవాత లేచిన ఉద్యమం. సినిమా వచ్చేనాటికి దీపా గారికి అరవై అయిదేళ్ళు. ఇరవై ఏళ్ళ పిల్లలు ధర్నాలో కూర్చుంటే, వాళ్ళ మాట వింటూ ఆమె అక్కడ. ఈ సినిమాల్లో ఒకరు లాయరు, ఒకరు పేద ముస్లిం తల్లి, ఒకరు దళిత విద్యార్థి. పద్ధతి మాత్రం నిప్పాణిలో నేర్చుకున్నదే. ముందు విను, తరవాత తియ్యి, తీసింది వాళ్ళకి చూపించు.

అయితే ఇదంతా చదువుకున్నవాళ్ళు, కెమెరా కొనగలిగినవాళ్ళు చేసే పని కదా అంటారా? ఆగండి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అని ఊరుంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది, డీడీఎస్ అంటారు. దాన్ని నడిపిన పి.వి. సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్ మనిషి. 2023లో పోయారు. అక్కడి సంఘాల్లో ఉన్నది దళిత ఆడవాళ్ళు, ఎకరమో అరో ఉన్న రైతులు. చాలామందికి అక్షరం రాదు. 2001లో వాళ్ళు కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకుని వీడియో కెమెరా పట్టారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది కదా. వాళ్ళు వరంగల్ రైతుల దగ్గరికి వెళ్ళి, ఆ పత్తి వేసి ఏం జరిగిందో వాళ్ళ చేతే చెప్పించి సినిమా తీశారు. రైతు దగ్గరికి రైతే మైకు పట్టుకుని వెళ్తే మాట తీరే వేరు. 2008 అక్టోబరు 15న వాళ్ళ సంఘం రేడియో కూడా మొదలైంది, మాచునూరులో. రేడియో మాట రేడియోలో చెప్పుకోవడం నాకు ఇష్టం, అందుకని చెప్పాను.

వాళ్ళ దగ్గర నాకు బాగా నచ్చింది ఒకటుంది. సినిమా స్కూళ్ళలో హై యాంగిల్, లో యాంగిల్ అని నేర్పుతారు. పస్తాపూర్ అమ్మలు వాటికి పేర్లు పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే, అది పటేల్ షాట్. గుర్రం మీంచో అరుగు మీంచో పటేల్ మనల్ని అలాగే చూస్తాడు కాబట్టి. కింది నుంచి పైకి చూస్తే అది జీతగాడి చూపు, తలెత్తి దొరని చూడటం. ఎదురెదురుగా, కళ్ళకి కళ్ళు సమానంగా ఉంటే? అది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి కన్నూ ఎవరికన్నా పైన ఉండదు.

ఇది విన్నాక నేను మన కొల్లేరు గురించి వచ్చిన వీడియోలన్నీ మనసులో ఒకసారి తిప్పుకున్నాను. డ్రోను పైనుంచి పోతుంది. కింద పచ్చని నీళ్ళు, ఆటపాక గూడబాతులు, సూర్యాస్తమయం, వేణువు. అన్నీ పటేల్ షాట్లే. గూడబాతుకి క్లోజప్ ఉంటుంది. లంకలో ఉన్న మనిషికి ఉండదు.

2006లో కొల్లేరు ఆపరేషన్ జరిగింది. అభయారణ్యంలో ఐదో కాంటూరు లోపల చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మందుగుండు పెట్టి పేల్చారు కూడా. టీవీలన్నీ వచ్చాయి. మట్టి ఎగిసిపడటం అందరూ చూశారు. సరస్సు బాగుపడాలా, అక్కర్లేదా? బాగుపడాలి. అది వేరే వాదన, నేను దానిలోకి వెళ్ళను. నేనంటున్నది ఒక్కటే. లంక ఊళ్ళలో ఎప్పుడూ బడికి వెళ్ళని ముసలాయన కూడా 'మా గట్టు మూడో కాంటూరులో ఉందయ్యా, ఐదోదాన్లో ఉందయ్యా' అంటాడు. కాంటూరు అనేది సర్వేయరు మాట, ఇంగ్లీషు మాట. అది ఆ ముసలాయన నోట్లోకి ఎలా వచ్చింది, వచ్చేలోపు ఆయన ఇంట్లో ఏమేం పోయాయి? ఆ ఒక్క మాట వెంట నడిచినా ఒక మంచి డాక్యుమెంటరీ అవుతుంది.

మా ఊరికి రాతలో మిగలడం కొత్త కాదు లెండి. వేయేళ్ళ కిందట ఇక్కడ యుద్ధం జరిగింది. రాజరాజ నరేంద్రుడికి సాయంగా చోళ రాజు పంపిన దండనాయకులు ముగ్గురు ఇక్కడే పడిపోయారు. వాళ్ళ పేరున శివాలయాలు కట్టించి, ఆ సంగతి నరేంద్రుడు రాగి రేకుల మీద చెక్కించాడు. కలిదిండి శాసనం అంటారు దాన్ని. అదీ ఒక రకం డాక్యుమెంటరీయే. ముగ్గురు నాయకుల పేర్లు మనకి అందాయి. వాళ్ళ పక్కన బల్లెం పట్టుకుని పడిపోయిన బంట్లకి ఇళ్ళ దగ్గర ఎవరు ఎదురు చూశారో ఏ రేకూ చెప్పదు.

ఇప్పుడు రేకు మన చేతిలో ఉంది. జేబులో ఉంది. రొయ్యల షెడ్డుకి వెళ్ళే అమ్మాయి చేతిలో కూడా ఉంది. ఐసులో వేళ్ళు మొద్దుబారేదాకా రొయ్య తలలు తీసి ఇంటికొచ్చి, ఆ వేళ్ళతోనే ఫోన్ తెర జరుపుతుంది. గుర్తుపట్టదు తెర. చెయ్యి వేడెక్కే దాకా ఆగాలి.

సరే, ఇంత చెప్పి నేనేం చేశానో చెప్పకపోతే బాగుండదు. నా తప్పు కూడా చెబుతాను.

మా వీధి చివర ఒక పెద్దావిడ చేపలు అమ్ముతుంది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఒకరోజు ఫోన్ తీసి ఆవిడ్ని వీడియో తీశాను. కత్తిపీట, పొలుసులు, బొచ్చె చేప తల, చేతి మీద ముడతలు. అన్నీ బాగా వచ్చాయి. ఇంటికొచ్చి దానికి వేణువు సంగీతం తగిలించాను. నెమ్మదిగా కదిలేలా చేశాను. నేనే గంభీరమైన గొంతుతో నాలుగు మాటలు చెప్పాను. 'అలుపెరుగని శ్రామిక మాత' అని. మూడు నిమిషాలు. నాకే కళ్ళు చెమర్చాయి.

దీపా ధన్‌రాజ్ గురించి అప్పటికే తెలుసు నాకు. అయినా గంభీరమైన గొంతు ఎక్కడికి పోతుంది చెప్పండి, చిన్నప్పుడు సోడా దగ్గర నిలబడి విన్నదే కదా. కానీ పంపే ముందు చెక్‌ట్రే గుర్తొచ్చింది. తీసుకెళ్ళి ఆవిడకే చూపించాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొత్తం చూసింది. చూసి అడిగింది, 'ఏంటి మాస్టారూ, నేనేమన్నా పోయానా?'

నాకు నోరు పెగల్లేదు.

'ఏడుపు పాట పెట్టారు. నేను పొద్దుట్నుంచీ ఎంతమందితో నవ్వానో అదేదీ? మార్కెట్లో వేలం పాటకి నేను వెళ్తే మగాళ్ళు పక్కకి జరుగుతారు, అదేదీ? శీలావతి చూపించి బొచ్చె అంటగడదామని చూసినవాణ్ణి మొన్న దులిపేశాను, అదేదీ?'

వినడం అనే మొదటి ముక్కే నేను చెయ్యలేదన్నమాట. ముప్పై ఏళ్ళు చేపలు కొన్నాను గానీ, ఒక్క గంట కూర్చుని ఆవిడ మాట వినలేదు. పులుసు పొయ్యి మీదుండగా ఉప్పు చూడమని తినేవాళ్ళ చేతిలో ఒక చుక్క వేస్తాం కదా. అదీ చెయ్యకుండా వడ్డించబోయాను.

మళ్ళీ మొదలుపెట్టాను. రెండు వారాలు ఫోన్ బయటికి తియ్యలేదు. సాయంత్రం బేరాలు తగ్గాక వెళ్ళి పీట వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎదురుగా, అదే ఎత్తులో. ఒకరోజు ఆవిడే అంది, 'ఇంక తీయండి మాస్టారూ, ఎన్నాళ్ళు కూర్చుంటారు' అని. తీశాను. ఈసారి సంగీతం పెట్టలేదు. వేలం పాట దగ్గర అరుపులే సంగీతం. నా గొంతు ఒక్క ముక్క కూడా లేదు.

రెండోసారి కూడా ముందు ఆవిడకే చూపించాను. సగంలో ఆపించి కోడల్ని కేకేసింది. మొదట్నుంచీ మళ్ళీ పెట్టించింది. కోడలు నవ్వుతోంది, ఆవిడ నవ్వుతోంది. చివరికి వచ్చేసరికి ఆవిడ మొహం కొంచెం మారింది. కోడలు లోపలికి వెళ్ళాక మెల్లగా అంది, 'అన్నీ బావున్నాయి గానీ, ఆ అప్పు మాట తీసెయ్యండి మాస్టారూ. మా అల్లుడు చూస్తాడు.'

నా మట్టుకు ఆ వీడియోలో అన్నిటికన్నా బాగా వచ్చిన ముక్క అదే. ఆ రాత్రి రెండు మూడుసార్లు చూసుకున్నాను. తరవాత తీసేశాను. ఇప్పుడది రెండు నిమిషాల నలభై సెకన్లు ఉంది.